చివరి సెమిస్టర్‌లో అమ్మానాన్నలు అమెరికా వస్తుంటే: తేదీలు, ఇల్లు, వంటగది, గ్రాడ్యుయేషన్ రోజు

ప్రశ్న: ఎంఎస్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. మే రెండో వారాంతంలో గ్రాడ్యుయేషన్. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మొదటిసారి వస్తున్నారు, వీసాలు వచ్చేశాయి. ఏప్రిల్ 20 ప్రాంతంలో టికెట్లు చౌకగా ఉన్నాయి. ముగ్గురు రూమ్మేట్లతో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఏమేం చూసుకోవాలి?

సమాధానం:

ముందుగా, ఆ ఏప్రిల్ 20 టికెట్లు కొనకండి. టికెట్ మీద మిగిలేది రెండు మూడు వందల డాలర్లు. పోయేది సెమిస్టర్‌లో అన్నిటికన్నా విలువైన మూడు వారాలు.

మే నెలలో మన ఊరికీ న్యూయార్క్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా. డాలస్, షికాగోలకైతే పదిన్నర, కాలిఫోర్నియాకు పన్నెండున్నర. పగలూ రాత్రీ తారుమారవుతాయి, ఒంటికి అలవాటు కావడానికి వారం పైనే పడుతుంది. సాయంత్రం ఆరింటికే కళ్లు మూతలు పడతాయి, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. లేచినవాళ్లు ఊరికే పడుకోరు. నాన్నగారికి కాఫీ కావాలి. అమ్మగారు ‘ఎలాగూ లేచాం కదా’ అని కుక్కర్ పెడతారు. పల్చటి గోడకు అవతల మీ రూమ్మేట్‌కు పొద్దున ఎనిమిదింటికి పరీక్ష. ఎవరి తప్పూ లేకుండానే మూడో రోజుకు ఇంట్లో మాటలు తగ్గిపోతాయి.

తేదీని మీ పరీక్షల పట్టిక చూసి నిర్ణయించాలి. ఫైనల్స్ పట్టికను రిజిస్ట్రార్ కార్యాలయం సాధారణంగా సెమిస్టర్ మొదట్లోనే వెబ్‌సైట్లో పెడుతుంది. అందులో మీ ఆఖరి పరీక్ష ఎప్పుడో చూడండి. దానికి ప్రాజెక్టు డెమో, రిపోర్టు గడువు, థీసిస్ ఉంటే డిఫెన్స్, ఫార్మాటింగ్ గడువు కలపండి. వీటన్నిటిలో చివరిది అయ్యాక విమానం దిగాలి, దిగాక గ్రాడ్యుయేషన్‌కు రెండు పూర్తి రోజులు మిగలాలి. ఆ రెండు రోజులూ విశ్రాంతికే కాదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఒకటో రెండో చోట్ల విమానం మారాలి. ఒక కనెక్షన్ తప్పినా, ఒక పెట్టె రాకపోయినా ఆ రెండు రోజులే కాపాడతాయి. ఉదాహరణకు ఆఖరి పరీక్ష బుధవారం, వేడుక శనివారం అయితే బుధవారం రాత్రి దిగేలా చూడండి. శనివారం నాటికి వాళ్లకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంటుంది కాబట్టి పొద్దుటి వేడుకకు హాయిగా కూర్చోగలరు. మధ్యాహ్నం మూడింటి వేడుకైతే మాత్రం కునికిపాట్లు తప్పవు, ఆ రోజు భోజనం కాస్త తేలిగ్గా పెట్టండి.

పరీక్ష శుక్రవారం, వేడుక శనివారం అని వస్తే ఈ లెక్క కుదరదు. అప్పుడు మనవాళ్లకు ఉన్న మంచి దారి చుట్టాలు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పిన్నిగారో బాబాయిగారో ఉంటే అమ్మానాన్నలను వారం ముందే నేరుగా అక్కడ దింపండి. నిద్ర సర్దుకునే ఆ వారం వాళ్లింట్లో గడుస్తుంది, మాట్లాడటానికి పెద్దవాళ్ల తోడు ఉంటుంది. పరీక్ష అయిన రాత్రికి లోపలి విమానంలో మీ ఊరు వస్తారు. దేశం లోపలి విమానాలకు పాస్‌పోర్టే గుర్తింపు కార్డుగా సరిపోతుంది. ఇమిగ్రేషన్ దగ్గర ‘ఎక్కడ ఉంటారు’ అని అడిగితే ముందు దిగబోయే ఆ బంధువుల చిరునామాయే చెప్పాలి, కాగితం మీద రాసి ఇవ్వండి.

వీసా ఇంకా రానివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. గ్రాడ్యుయేషన్ వేడుకను కాన్సులేట్ అత్యవసర కారణంగా తీసుకోదు, అది చూపించి ఇంటర్వ్యూ ముందుకు జరపమంటే జరపరు. పట్టా వచ్చే ఏడాది తెలిసిన రోజే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి ఫీజు 185 డాలర్లు కట్టి స్లాట్ పట్టుకోవాలి. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ తెలుగులో చెప్పొచ్చు, ఇంగ్లిష్‌లో బట్టీ పట్టించకండి.

ఇంకో సంగతి టికెట్ కొనేముందే తేల్చుకోండి. ఏదైనా కోర్సులో గ్రేడు అనుమానంగా ఉందా? క్రెడిట్లు ఏమైనా మిగిలాయా? చాలా యూనివర్సిటీలు కొన్ని క్రెడిట్లు మిగిలినా వేదిక ఎక్కనిస్తాయి, కానీ పట్టా ఆ క్రెడిట్లు పూర్తయ్యాకే. ఉంటే అమ్మానాన్నలకు ఇప్పుడే ఫోన్లో చెప్పండి. ఇప్పుడు చెబితే అది ఒక రోజు బాధ. వాళ్లు వచ్చి చుట్టాలందరికీ ఫొటోలు పంపాక తెలిస్తే ఆ ప్రయాణమంతా చేదైపోతుంది.

ఇక ఇల్లు. నలుగురున్న రెండు గదుల ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లను ఫైనల్స్ వారంలో ఉంచడం కుదరదనే చెబుతాను. ముందు లీజు తీసి అతిథుల నిబంధన చదవండి. చాలా లీజుల్లో అతిథి వరసగా ఇన్ని రాత్రులే ఉండాలని పరిమితి ఉంటుంది, రెండు వారాలు అన్నది తరచూ కనిపించే మాట. క్యాంపస్ హౌసింగ్‌లో అయితే రెండు మూడు రాత్రులకే అనుమతి, పైగా ఫైనల్స్ వారంలో రోజంతా నిశ్శబ్దం పాటించాలనే నియమం ఉంటుంది. తర్వాత రూమ్మేట్లను అడగండి. ‘మావాళ్లు వస్తున్నారు’ అని చెప్పడం అడగడం కాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ గది, బాత్రూం వేళలు, ఆ నెల కరెంటు నీళ్ల బిల్లులో మీరు అదనంగా వేసుకునే వాటా, ఇవన్నీ గ్రూపులో రాసి పెట్టండి. మొహమాటానికి ముగ్గురూ సరే అంటారు. అందులో ఎవరికి పరీక్షలు ఎక్కువున్నాయో వాళ్లను విడిగా ఇంకోసారి అడగండి.

యూనివర్సిటీ ఊళ్లలో గ్రాడ్యుయేషన్ వారాంతానికి హోటళ్లు నెలల ముందే నిండిపోతాయి. ఉన్నవి కూడా రేటు పెంచి, కనీసం రెండు రాత్రులు తీసుకోవాలంటాయి. డబ్బు వెనక్కి వచ్చే రకం గది ఇప్పుడే ఒకటి బుక్ చేసి పెట్టుకోండి. పదిహేను ఇరవై మైళ్ల అవతల పక్క ఊళ్లో వెతికితే రేటు చాలా తగ్గుతుంది. ఆ వారాంతం దాటిన సోమవారం నుంచి పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. బ్యాచిలర్స్ పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు, వాళ్ల గదులు జులై ఆఖరి దాకా ఖాళీ. అద్దెలో సగానికైనా ఇస్తామని సబ్‌లీజు ప్రకటనలు కుప్పలుగా వస్తాయి. అమ్మానాన్నలు నెలా రెండు నెలలు ఉండేట్టయితే మే మూడో వారం నుంచి అలాంటిది తీసుకోవడమే మేలు. ఇంటి యజమాని సంస్థ రాతపూర్వక అనుమతి ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి.

వాళ్లు దిగిన రోజే, నిద్రపోయేముందు, బాత్రూం చూపించండి. అమెరికా బాత్రూంలో టబ్బు లోపల తప్ప నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. మన అలవాటున బకెట్ బయట పెట్టుకుని నాలుగు చెంబులు పోసుకుంటే ఆ నీళ్లు నేల పలకల కింద నుంచి కింది ఇంటి పైకప్పులోకి దిగుతాయి, మరమ్మతు బిల్లు మీకొస్తుంది. బకెట్, మగ్గు టబ్బులోనే పెట్టండి. కర్టెన్ కింది అంచు టబ్బు లోపలికి ఉండాలి, బయటికి వేలాడకూడదు. టబ్బు అంచు దాటేటప్పుడే పెద్దవాళ్లు జారిపడేది. లోపల అతుక్కునే రబ్బరు మ్యాట్ ఒకటి, బయట కాలు పెట్టేచోట మందపాటి గుడ్డ మ్యాట్ ఒకటి వేయండి. కమోడ్‌కు తగిలించే చేతి షవర్ ముప్పై నలభై డాలర్లకు దొరుకుతుంది, గోడకు రంధ్రం పెట్టనక్కర్లేదు. బయటికెళ్లేటప్పుడు దాని మర కట్టేయాలి. ఒత్తిడిలో ఉంచేస్తే గొట్టం పగిలి ఇల్లంతా నీళ్లవుతుంది.

తర్వాతది వంటగది, అందులో తాళింపు. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీద ఉండే మైక్రోవేవ్ ఫ్యాన్ పొగను బయటికి పంపదు, జాలీ గుండా లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి మాడిన ఘాటు, పొగ నేరుగా పైకప్పున ఉన్న అలారానికి తగులుతాయి. ఇంట్లో అలారమైతే చెవులు చిల్లులు పడటంతో పోతుంది. డార్మిటరీలాంటి పెద్ద భవనాల్లో అది మొత్తం భవనానికి కలిపి ఉండొచ్చు. అప్పుడు పరీక్షల రాత్రి అందరూ మెట్లు దిగి బయట నిలబడాలి, అగ్నిమాపక బండి వస్తుంది. అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టడం, బ్యాటరీ తీయడం చేయకండి, అది లీజు ఉల్లంఘన, జరిమానా పడుతుంది. వెనక పొయ్యి వాడాలి. కిటికీ, ఫ్యాన్ రెండూ పొయ్యి వెలిగించకముందే తెరవాలి. నూనె పొగలు రాకముందే ఆవాలు వేసి మూత పెట్టి, చిటపటలు ఆగాక పొయ్యి మీంచి దించి మిర్చి, ఇంగువ వేస్తే ఆ వేడికే వేగిపోతాయి.

కరెంటు పొయ్యి గ్యాస్‌లా కాదని అమ్మగారికి పక్కనుండి ఒకసారి చూపించండి. ఆపేసినా పొయ్యి కాయిల్ చాలాసేపు వేడిగా ఉంటుంది, ఎర్రదనం పోయినంత మాత్రాన చల్లారినట్టు కాదు. మూడు విజిళ్లకు కుక్కర్ కట్టేస్తే నాలుగోది, ఐదోది కూడా వస్తాయి. పప్పు ముద్దయ్యాక ‘ఈ దేశం కందిపప్పు బాగోలేదు’ అంటారు. విజిళ్లు అయ్యాక కుక్కర్‌ను పక్క పొయ్యి మీదికి జరపాలి. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు గాజు పొయ్యి మీద కాగదు, తేవద్దనండి. మన మిక్సీ కూడా వద్దు. అది 230 వోల్టులది, ఇక్కడి కరెంటు 120. సింకులోని గ్రైండర్‌లో అన్నం, కొబ్బరి పీచు, మునక్కాడ తొక్కలు వేస్తే పైపు మూసుకుపోతుంది.

సామాన్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మే నెలంటే ఇంట్లో కొత్తావకాయ. మాంసం, చేప, రొయ్య కలిసిన పచ్చళ్లు తేవడానికి వీల్లేదు, గోంగూర మటన్ అయినా సరే. పచ్చి కరివేపాకు పనికిరాదు, నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. పళ్లు, విత్తనాలు, మొక్కలు వద్దు. బియ్యం, శనగలు కూడా వద్దు, ధాన్యాన్ని తినే ఒక పురుగు కారణంగా మన దేశం నుంచి వాటిని సామాన్లలో రానివ్వరు. కోవా, పాల మిఠాయిలు, నెయ్యి దగ్గర పేచీ వస్తుంది, అవి ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరికేవే కదా. మామిడి, నిమ్మ, గోంగూర పచ్చళ్లు, పొడులు, జంతికలు, చేగోడీలు మామూలుగా ఇబ్బంది లేకుండా వస్తాయి.

కానీ ఏది తెచ్చినా ‘తిండి పదార్థాలు ఉన్నాయా’ అంటే ‘ఉన్నాయి’ అనాలి. చెప్పి చూపిస్తే, పనికిరానిది ఉన్నా తీసి పారేసి పంపేస్తారు. దాచి దొరికితే మొదటిసారికే 300 డాలర్ల నుంచి జరిమానా. పెద్దవాళ్లు భయపడి ‘ఏం లేవు’ అనేస్తారు. అందుకే ఇంగ్లిష్‌లో ఒక కాగితం రాసి పాస్‌పోర్టులో పెట్టండి: మామిడి పచ్చడి, మసాలా పొడులు, పిండివంటలు, మాంసం లేదు, విత్తనాలు లేవు. అంతే.

ఆవకాయ కలిపిన వెంటనే సీలు వేయించకూడదు. మూడో రోజు తిరగకలిపాక కూడా ఊట దిగుతూనే ఉంటుంది, సీలు ఉబ్బి నూనె కారుతుంది. బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందే కలిపి, ముక్క ఊరి నూనె పైకి తేలాక, పచ్చళ్ల దుకాణంలో రెండు పొరల సీలు వేయించి, ఆ ప్యాకెట్లను మూత గట్టి డబ్బాలో పెట్టి, బట్టల మధ్య సర్దాలి. మే మొదటివారంలో ప్రయాణమంటే ఏప్రిల్ తొలివారాల్లో వచ్చే కాయతో కలపాల్సిందే. ఇక పొడులన్నీ చెకిన్ పెట్టెలోకి. అమెరికా వచ్చే విమానంలో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి ఉంటే ఆపేయొచ్చు. పెట్టె బరువు టికెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే, ఎక్కువ టికెట్లలో ఒక్కోటి 23 కిలోలు.

మందులు మాత్రం చేతిసంచిలోనే. ఉండే రోజులకు సరిపడా, ఇంకో రెండు వారాలకు ఎక్కువ, స్ట్రిప్పుల్లోంచి తీయకుండా, డాక్టర్ చీటీతో. చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించండి. ఇక్కడి ఫార్మసీలో మన బ్రాండ్లు తెలియవు. పారాసిటమాల్‌ను కూడా ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. ఇన్సులిన్ చెకిన్ పెట్టెలో వేయకూడదు.

మీ యూనివర్సిటీ ఇన్సూరెన్స్ అమ్మానాన్నలకు వర్తించదు. సందర్శకుల పాలసీలు రెండు రకాలు. ఒకటి ఒక్కో చికిత్సకు ఇంతే అని గీత గీసి ఇచ్చేది, ఇది చౌక. ఇంకోటి డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం, దాటాక బిల్లులో ఎక్కువ భాగం భరించేది. ఇక్కడ ఒక్క రాత్రి ఆస్పత్రి బిల్లు ముందు మొదటిది చాలదు కాబట్టి రెండోదే తీసుకోండి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్‌లకు మామూలు చికిత్స చాలా పాలసీలు ఇవ్వవు. ‘హఠాత్తుగా తీవ్రమైతే’ ఇస్తుందా, ఏ వయసు దాకా, ఎంత దాకా అన్న ఆ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. జ్వరం, విరేచనాలకు అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్లాలి. గుండెనొప్పి, పక్షవాతం లక్షణాల్లాంటి ప్రాణాపాయానికి అత్యవసర నంబరు 911.

ప్రయాణానికి వీల్‌చైర్ అడగండి, బాగా నడవగలిగినా సరే. భాష రానిచోట తోడుగా ఒక మనిషి గేటు నుంచి గేటుకు తీసుకెళ్తారు. టికెట్ కొన్నప్పుడో, కనీసం 48 గంటల ముందో ఎయిర్‌లైన్‌కు చెప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, సాధారణంగా పెట్టెల మీద చివరి ఊరి ట్యాగు ఉన్నా, అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలో వాటిని తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్టు మీద వేయాలి. ఇది తెలియక నేరుగా రెండో విమానం ఎక్కేసేవాళ్లు చాలామంది. ఆ కనెక్షన్‌కు మూడు గంటలకు తక్కువ పెట్టకండి. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకు మాత్రం అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అక్కడే అయిపోతాయి, కాబట్టి అక్కడి విరామం ఎక్కువ ఉండాలి. ఎక్కడ ఏం చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో వరుసగా రాసిన ఒక కాగితం ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. ఇండియా సిమ్‌కు రోమింగ్ బయల్దేరేముందే ఆన్ చేయించండి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు రావు.

గ్రాడ్యుయేషన్‌కు సాధారణంగా రెండు వేడుకలుంటాయి. స్టేడియంలో మొత్తం యూనివర్సిటీది ఒకటి, మీ కాలేజీదో డిపార్ట్‌మెంట్‌దో ఇంకోటి. పేరు పిలిచి వేదిక ఎక్కించేది ఎక్కువగా రెండోదాంట్లోనే. ఒక్కదానికే ఓపిక ఉందంటే అమ్మానాన్నలను దానికే తీసుకెళ్లండి. ప్రవేశం టికెట్లకూ గౌనుకూ గడువులు ఫిబ్రవరి, మార్చిల్లోనే ఉండొచ్చు, ఈరోజే చూడండి. మెట్ల మీద ఎక్కువ ఎక్కకుండా ఉండే సీట్లు అడిగితే ఇస్తారు. సంచి పారదర్శకంగా ఉండాలనే నియమం చాలా స్టేడియాల్లో ఉంది. మందులు, బిస్కట్లు, గొడుగు, శాలువా ఏ సంచిలో వెళ్తాయో ముందే చూసుకోండి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. మీరు గంట ముందే విద్యార్థుల వరుసలోకి వెళ్లిపోతారు. అప్పటి నుంచి వేడుక ముగిసేదాకా, దాదాపు మూడు గంటలు, అమ్మానాన్నలు కొత్తచోట ఒంటరిగా ఉంటారు. ఆ రోజు పట్టా తీసుకోని జూనియర్ ఒకరిని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ముగిశాక కలవాల్సిన చోటు ముందురోజే తీసుకెళ్లి చూపించండి, జనం ఎక్కువైతే ఫోన్లు సరిగా కలవవు. వేదిక మీద ఇచ్చే అట్టలో పట్టా ఉండదని కూడా చెప్పి ఉంచండి. అసలుది గ్రేడులన్నీ తేలాక, కొన్ని వారాలకు పోస్టులో వస్తుంది. దేవుడి దగ్గర పెడదామని నాన్నగారు చేతికి తీసుకుంటే లోపల ఖాళీగా ఉంటుంది, అప్పుడు కంగారు పడకూడదు కదా.

తర్వాత తిరిగే ఊళ్ల గురించి. నయాగరాను అమెరికా వైపు నుంచే చూడండి. అటు కెనడా వైపు దాటాలంటే వాళ్లకు కెనడా వీసా కావాలి. మీకు అంతకన్నా పెద్ద చిక్కు ఉంది. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రంలోని ప్రోగ్రామ్ ముగింపు తేదీ దాటాక వచ్చే 60 రోజుల్లో దేశంలో ఉండొచ్చు కానీ, బయటికి వెళ్తే ఆ గడువు ఆధారంగా తిరిగి రానివ్వరు. ఓపీటీకి, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతికి, ప్రోగ్రామ్ ముగింపుకు 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల సంగతి చూసే యూనివర్సిటీ అధికారి) సిఫారసు చేసిన 30 రోజుల్లోపు ఆ దరఖాస్తు ఇమిగ్రేషన్ శాఖకు అందాలి. వాళ్లు రాకముందే ఈ పని ముగించండి, వచ్చాక తీరిక ఉండదు. అద్దెకారుకు 25 ఏళ్లు నిండకపోతే రోజుకు అదనపు రుసుము పడుతుంది.

అమ్మానాన్నలు దిగిన వారంలోపు వాళ్ల ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) ఆన్‌లైన్లో తీసి తేదీ చూడండి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. వీసా మీద పదేళ్లు ఉన్నా, ఉండాల్సింది ఐ-94 తేదీ దాకానే. తిరుగు టికెట్ మాత్రం మీ లీజు ముగిసే రోజుకు కనీసం పది రోజుల ముందు పెట్టండి. సామాన్లు అమ్మడం, గోడలు తుడవడం, తాళాలు అప్పగించడం, ఉద్యోగం వస్తే వేరే రాష్ట్రానికి మారడం, ఇవన్నీ జులై ఆఖరులో ఒకేసారి మీద పడతాయి. ఆ హడావుడిలో వాళ్లుంటే నాన్నగారు పెట్టెలు మోయకుండా ఊరుకోరు. తిరుగు ప్రయాణానికి వీల్‌చైర్ నమోదై ఉందో లేదో ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి అడగండి, వచ్చేటప్పుడు అడిగింది వెళ్లేటప్పటికి ఉండకపోవచ్చు.